ఆ ఏడు నా ఒడియాలు తెల్లగా వచ్చినాయి

మా చెల్లెలు ఒడియాలు పెడితే తెల్లగా వస్తాయి. నేను పెడితే బూడిద రంగులో వస్తాయి. బియ్యం ఒకటే, జీలకర్ర ఒకటే, ఇద్దరికీ నేర్పించిన అమ్మ ఒకటే. అయినా అది పెడితే అట్ల, నేను పెడితే ఇట్ల. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, శానా ఏండ్ల నుంచి దాని ఒడియాల మీద కుళ్లుకుంటాండా. ఇప్పుడు కూడా కుళ్లుకుంటాండా. అబద్ధం చెప్పి నేనేం బాగుపడాల?

ప్రతి ఎండాకాలం మా ఇంటికి ఒక స్టీలు డబ్బా వస్తాది. చెల్లెలిది పత్తికొండ దిక్కు పల్లె. ఎవరన్నా ఇటు తట్టు వచ్చేవాళ్లుంటే వాళ్ల చేతికిచ్చి పంపుతాది. మా ఆయన మూత తీసి, ఒక ఒడియం పైకి పట్టుకోని ఎండకు చూసి, “ఏం చెయ్యప్పా మీ చెల్లెలిది!” అంటాడు. అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది.

“చెయ్యి కాదు, గాలి” అంటా. “మీ బండల మిషన్లు తీసుకపోయి ఆ పల్లెలో పెట్టమను, అప్పుడు చూద్దాం దాని చెయ్యి.”

ఆయన నవ్వి, ఓ నాలుగు వేయించమంటాడు. వేయిస్తా. నూనెలో పడినాక అవి పొంగే తీరు చూస్తే నాకు ఇంకా మండుతాది.

మాది నాపబండల ఊరు. భూమిలో నుంచి బండలు తీస్తారు, మిషన్లకు వేసి కోస్తారు, నున్నగా పాలిష్ పట్టి లారీలకెత్తి యాడయాడికో పంపుతారు. మా ఆయన ఆ పాలిష్ మిషన్ల కాడనే పని చేస్తాడు. బండ కోసేటప్పుడు నీళ్లు పోస్తారు గదా, ఆ నీళ్లు బురదై షెడ్డు బయటికొచ్చి కుప్ప పడతాది. ఎండకు అది ఎండుతాది, లారీ చక్రం కింద పడి పొడి అవుతాది, గాలికి లేస్తాది. ఇంక ఆ పొడి పడని తావు లేదు. చెట్టు మీద, మిద్దె మీద, దండెం మీది గుడ్డల మీద, అన్నం తట్టలో. యాడో పట్నంలో ఎవరింట్లోనో మా ఊరి బండ తళతళ మెరుస్తాంటాది. వాళ్ల మీద కూడా నాకు కడుపుమంటే.

మా ఊరి ఆడోళ్లకు ఒక అలవాటుండాది, బయటి ఊరోళ్లు చూసి నవ్వుతారు. కడిగిన తట్టను బోర్లించి పెడతాం, అన్నం పెట్టేముందు మళ్లా కడుగుతాం. దండెం మీది చీర తీసినాక ఇద్దరం చెరో కొస పట్టుకోని గట్టిగా విదిలిస్తాం, ఆ తర్వాతనే మడత. నేను ఇంటికాడ జాకెట్లు కుడతా. తెల్ల గుడ్డ వచ్చిందంటే తలుపేసుకోని కుట్టాల్సిందే. ఒడియాలకు తలుపేసుకుంటే కుదరదు గదా! ఎండ కావాల్నంటే మిద్దె ఎక్కాల. పాత చీర కప్పి చూసినా. దోమతెర కట్టి చూసినా. యాడ దూరాల్నో ఆ పొడికి బాగా తెలుసు. కొరికితే పంటి కింద కరకరమంటాది.

ఒడియాల కోసమే ఇంత ఏడ్చిందా ఈమె అనుకునేరు. అసలు మంట వేరే ఉండాది. మా అమ్మ చెల్లెలి ఇంట్లో ఉండాది.

నాయన పోయినాక అమ్మ మొదట వచ్చింది నా ఇంటికే. పెద్దదాన్ని నేనే గదా. వీధిలో కనపడినోళ్లందరికీ చెప్పుకున్నా, మా అమ్మ నా కాడనే ఉంటాది ఇంక అని. ఆ చలికాలం అమ్మకు దగ్గు మొదలైంది. దగ్గు పోయి ఆయాసమైంది. గోడకు ఆనుకోని కూచోని ఊపిరి కోసం తన్నుకులాడేది. కర్నూలుకు తీసుకపోతే డాక్టరు మాత్రలు రాసిచ్చి, “ఈమెకు దుమ్ము పడదమ్మా, వేరే యాడన్నా పెట్టుకోండి” అన్నాడు. ఆ మాట చెల్లెలికి చెప్పింది నేనే. చెప్పినాక ఎంతో సేపు పట్టలే, మొగున్ని వెంటేసుకోని దిగింది. అమ్మ చీరలు సంచిలో పెట్టింది, అమ్మను పిలుచుకోని పోయింది. ఊపిరాడని మనిషిని పట్టుకోని ఆపల్నా నేను? వాకిట్లో నిలబడి చూసినా. అమ్మ ఆటో ఎక్కి, “నువ్వు వేడినీళ్లు తాగు మేయ్” అనింది. ఎందుకనిందో అప్పుడు పట్టించుకోలే.

అప్పటి నుంచి చెల్లెలు ఫోన్ చేసిందంటే చాలు, నాకు సూదులతో గుచ్చినట్టే. “అమ్మ ఇప్పుడే తలకు పోసుకోని ఎండలో కూచోనుండాదక్కా.” “టమేటాలు ఏరొద్దు మా అంటే వినదక్కా, ఆరోగ్యం బాగుండాది గదా.” ఎండాకాలమైతే ఇంకోటి. “మిద్దె మీద అమ్మే ఒడియాలు పెడతాందక్కా, నేను ఊరికే పిండి అందిస్తాండా.” చూసినారా! అది గొప్పలు చెప్పడం లేదంట, ఊరికే పిండి అందిస్తాందంట. ఆ ‘ఊరికే’ అనే మాటకు నాకు అన్నం సయించేది కాదు.

నాకు కావాల్సింది ఒకటే. ఒక్క ఎండాకాలం అమ్మ నా మిద్దె మీద కూచోని ఒడియాలు పెట్టాల. నేను పక్కన కూచోని పిండి అందించాల. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, “అమ్మ పెడతాంది మేయ్, నేను ఊరికే అందిస్తాండా” అని చెప్పాల. దీనికోసం మంత్రాలయం పోయి స్వామికి మొక్కుకున్నా కూడా. ఎట్లన్నా చేసి మా ఊర్లో పొడి ఆగేటట్టు చెయ్యి స్వామీ, మా అమ్మ వచ్చేటట్టు చెయ్యి అని. ఆయన విన్నాడో, సగమే విన్నాడో.

కరోనా వచ్చిన ఏడు ఉగాది పొద్దుకు అన్నీ నిలిచిపోయినాయి. బస్సులు నిలిచినాయి. అంగళ్లు పొద్దున కాసేపు తీసి మూసేస్తాండ్రి. మా ఊర్లో మిషన్లు నిలిచినాయి. మొదటి పొద్దు లేచి చెవులకేదో అయ్యిందనుకున్నా. పెండ్లయి ఈ ఊరొచ్చిన కాణ్నుంచి గర్ర్‌మనే శబ్దం లేకుండా తెల్లారింది లేదు. చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటి. మా ఆయన మంచం మీద కూచోని ఉత్త గోడను చూస్తాండాడు.

“ఏమప్పా, పని లేదా?”

“లేదు. ఇంక ఎన్నాళ్లో ఏమో.”

ఆయన ముఖం చూసి భయమేసింది. ఇంట్లో బియ్యముండాయి, కందిబేడలుండాయి, అవి అయిపోతే ఏం చేయాల? పెండ్లిళ్లే లేవంటే నా కాడ జాకెట్లు కుట్టించుకునేదెవరు? ఊరంతా మా మాదిరే. దూరం నుంచి కూలికొచ్చిన పిల్లోళ్లు యాడికీ పోలేక షెడ్లలోనే పడుకోనుండ్రి. నేను ఆ భయంలోనే ఉంటి, గాలి సంగతి ఎవరికి గుర్తుంటాది?

కొన్నాళ్లకు ఒక వాన పడింది. మా ఊర్లో వాన పడితే చెట్ల మీద నుంచి సున్నం నీళ్ల మాదిరి కారతాయి. మరుసటి దినమే ఆకుల మీద మళ్లా పొడి పడతాది. ఈసారి కారిపోయినాక మళ్లా పడలే. మా వీధి కొసలో యాపచెట్టు ఉండాది. అది అంత పచ్చగా ఉంటాదని నాకు ఆ పొద్దు వరకు తెలీదంటే నమ్మండి. దాని ముందర నిలబడి చూస్తాంటే దోవన పోయే ముసలాయన, “ఏమ్మా, ఏం పోగొట్టుకున్నావు?” అని అడిగినాడు.

ఇంకో పొద్దు, కడిగిన తట్టను మరిచిపోయి వెల్లకిలా పెట్టి పోయినా. మాపటికి చూస్తే పెట్టింది పెట్టినట్టే మెరుస్తాంది. వేలితో గీసినా. గీత పడలే. పక్కింటామెను పిలిచినా. ఆమె కూడా గీసింది. ఇద్దరం ఆ తట్టను చూసి పిచ్చోళ్ల మాదిరి నవ్వుకున్నాం.

కడప దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల కాడ ఉండే మా ఆడబిడ్డ ఫోన్ చేసి, “వదినా, మా చీనీచెట్లు ఎవరో కడిగి పెట్టినట్టుండాయి” అనింది. ఆడ కూడా అంతే, పొగ లేదు, బూడిద లేదు. టీవీ పెడితే మాత్రం ఎప్పుడు చూసినా ఢిల్లీ. ఢిల్లీలో ఆకాశం నీలంగా ఉందంట, ఇంకేదో ఊర్లో మిద్దెక్కితే మంచుకొండలు కనపడతాండాయంట. మా నెత్తి మీద కూడా ఆకాశమే ఉండాది నాయనా, ఒక్కడన్నా మైకు పట్టుకోని ఈ దిక్కు వచ్చినాడా? గాలి బాగుపడినా పేరు మాత్రం పెద్దూర్లకే. ఆ పొద్దు ఢిల్లీ మీద కూడా కుళ్లుకున్నా.

అట్ల ఢిల్లీని తిట్టుకుంటాంటేనే నా బుర్రకెక్కింది. మా గాలి బాగుపడింది గదా. అంటే ఇప్పుడు అమ్మకు మా ఊరు పడతాది. అమ్మ రావచ్చు!

వెంటనే ఫోన్ చేసినా. చెల్లెలు ఎత్తింది.

“మిషన్లు లేవు, పొడి లేదు. అమ్మను నా కాడికి పంపు” అన్నా.

“నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? మీ దిక్కంతా కరోనా అంటాండారు. బస్సులు యాడుండాయి? మా ఊరి దోవకు కంప నరికి అడ్డం వేసినారు. బయటికి పోయినోళ్లను మళ్లా రానీరంట.”

అది చెప్పింది నిజమే, అయినా అది చెప్తే నాకు నిజం కూడా ఎక్కదు. ఇంతలో వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. “అదంతా నన్ను రప్పించుకోవడానికి చెప్తాంది. ఆ ఊర్లో దుమ్ము లేకపోవడమేంది?”

“నా కండ్లతో చూస్తాండా మా!” అని అరిచినా.

“చూసినావులే” అనింది అమ్మ. చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉండాది.

సరే, చెప్తే నమ్మరు, చూపిస్తా అనుకున్నా. బస్సులు వదిలేలోపల అమ్మను ఒప్పించి పెట్టుకోవాల, వదిలిన పొద్దే ఎక్కించాల. ఫోటో తీసి పంపితే ఫోన్లో అన్నీ తెల్లగనే కనపడతాయంటాది అమ్మ. నోట్లో వేసుకుంటే తెలియాల. ఒడియాలు పెట్టి పంపుతా. పంటి కింద రాయి తగలకపోతే అప్పుడేమంటాదో చూస్తా.

బియ్యం నానబెట్టి రుబ్బినా. జీలకర్ర, ఉప్పు, దంచిన పచ్చిమిరపకాయ వేసి గంజి మాదిరి ఉడికించినా. మా ఆయన ఆ గిన్నె మోసుకోని మిద్దె ఎక్కినాడు, వేరే పని లేదు గదా పాపం. పాత పంచె తడిపి పరిచినాం. నేను గరిటెతో పెడతాంటే చూసి చూసి, “నాకియ్యి, నేనూ పెడతా” అన్నాడు. ఆయన పెట్టినవి జొన్నరొట్టెంత వచ్చినాయి. మామూలుగానైతే తిట్టేదాన్ని. ఆ పొద్దు తిట్టాలనిపించలే. చీర కప్పలే, దోమతెర కట్టలే. ఆడోళ్లు కాకుల కోసం కాపలా కూచుంటారు. నేను పొడి కోసం కాపలా కూచున్నా, వస్తే దాని సంగతి చూద్దామని. అది రాలే.

బాగా ఎండినాక పంచె తిరగేసి, వెనక నీళ్లు చల్లి ఒలిచినా. ఒకటి ఎండకు పట్టుకోని చూసినా. “ఓయమ్మో!” అని నేనే అరిచినా. తెల్లగా, యాడా ఒక్క చుక్క లేకుండా.

“అచ్చం మీ చెల్లెలివి మాదిరే ఉండాయే” అన్నాడు ఆయన.

“దానివి మాదిరి ఎందుకు ఉంటాయి? నావి మాదిరే ఉండాయి” అన్నా.

ఆ దినాల్లో కూరగాయల బండ్లను మాత్రం పోలీసులు వదుల్తాండ్రి. చెల్లెలి ఊరి టమేటా బండి మా ఊరి మీద నుంచే నంద్యాల మార్కెట్టుకు పోయేది. తిరిగొచ్చేటప్పుడు నిలబెట్టి డ్రైవరుకు డబ్బా చూపించినా. మూతికి తువ్వాల కట్టుకోనుండాడు. చెయ్యి చాపకుండా, “ఆడ పెట్టక్కా” అని ఖాళీ క్రేట్లు చూపించినాడు. పెట్టినా. “ఇవి మా మిద్దె మీద ఎండినవని మా అమ్మకు చెప్పప్పా” అంటే తల ఊపి పోయినాడు.

మా చెల్లెలేం చేసిందో తెలుసునా? కంప కాడ డబ్బా తీసుకోని, ఇంట్లోకి పోనీకుండా గొడ్ల కొట్టం గోడ మీద ఎండలో పెట్టిందంట. పైన పసుపునీళ్లు చల్లిందంట. నా ఒడియాలకు క్వారంటైను! మా వీధిలో ఎవరినీ పెట్టలే అప్పటికి, నా డబ్బాను పెట్టింది మహాతల్లి. సరేలే, అందరికీ భయమే అప్పుడు, అని పండ్లు కొరుక్కోని ఊరుకున్నా. దాని గడువు తీరినాక ఫోన్ చేసింది.

“అక్కా, ఒడియాలు శానా బాగుండాయి. యాడ కొన్నావు?”

నేను సరిగ్గా వినలేదనుకున్నా. “ఏంటివి?”

“ఒడియాలు. కొన్నవే గదా? అమ్మ ఒకటి నోట్లో వేసుకోని చెప్పింది. ఇవి పెద్దదాని చేతివి కావు, అంగట్లోవి, దానివి ఎప్పుడు ఇంత తెల్లగా వచ్చినాయి, కొరికితే ఇసుక తగలాల గదా అని.”

ఫోన్ అమ్మకియ్యమన్నా. అమ్మ ఏందే అనేలోపలే మొదలు పెట్టినా.

“ఔ మా, నీకు చిన్నదే ముద్దు! అది పెడితే చెయ్యి, నేను పెడితే అంగడి! అంగళ్లన్నీ మూసి పెట్టుంటే ఒడియాలు యాడ కొనుక్కొస్తా నేను? పోలీసోళ్ల కాడ లాఠీదెబ్బలు తిని కొనుక్కొచ్చినానా? పెద్దదాన్నని ఒక్క పొద్దన్నా అనుకున్నావా నువ్వు? సంచి సర్దుకోని దాని వెంట పోయినావు, నా ముఖం చూసినావా ఆ పొద్దు? నా ఇసుక ఒడియాలు తిన్నప్పుడు ఇసుక అంటివి, తెల్లవి పంపితే కొన్నవంటివి. నేనింక నీ కండ్లకు యాడ ఆనాల మా?”

ఇంకా శానా అన్నా. ఇన్నేండ్లవన్నీ ఒకటొకటే బయటికొచ్చినాయి. అమ్మ మధ్యలో ఒక్క మాట అనలే. ఊపిరి తిప్పుకోకుండా అరిచి, ఫోన్ పెట్టేసినా. మా ఆయన మెల్లగా లేచి వాకిట్లోకి పోయి కూచున్నాడు.

తర్వాత కొన్నాళ్లు నేను ఫోన్ చేయలే, వాళ్లూ చేయలే. పప్పు వండుకున్నప్పుడల్లా అనుకునేదాన్ని, ఇప్పుడు ఆడ నా ఒడియాలు వేయించుకోని, కొన్నవైనా బాగుండాయే అని ఇద్దరూ తింటాంటారని. తినండి తినండి అనుకుంటి.

ఒక పొద్దు మా మరిది నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అమ్మ. అమ్మకు ఫోన్ చేయడం రాదు, అల్లునితో చేయించుకున్నట్టుండాది.

“ఏమే, ఆ పొద్దు అరిచినావు గదా.”

“ఔ, అరిచినా. తప్పా?”

“తప్పని ఎవరన్నారు? శానాసేపు అరిచినావు. నేను వింటానే ఉండా, ఇప్పుడు దగ్గుతాది, ఇప్పుడు దగ్గుతాది అని. నువ్వు దగ్గనే లేదు.”

నాకు అర్థం కాలే. “నేనెందుకు దగ్గుతా మా? దగ్గు నీది గదా.”

“నీకు తెలీదే పిచ్చిదానా. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గుతావు నువ్వు. ఫోన్లో అయినా అంతే. నీ ఇంట్లో ఉన్నప్పుడు చూసినా గదా, నిద్రలో కూడా దగ్గుతావు. నా ఆయాసానిదేముండాది, మాత్రలుండాయి. నువ్వు పక్కన పడుకోని దగ్గుతాంటే వినలేకపోయినా. అందుకే చిన్నది వచ్చి పిలిస్తే సంచి సర్దుకున్నా.”

నేను ఫోన్ పట్టుకోనే వాకిట్లోకి పోయి మా ఆయన్ని అడిగినా. “నేను దగ్గుతానా?”

“దగ్గుతావు” అన్నాడు. “నేను దగ్గనా? ఊరంతా దగ్గుతాది. దాన్నెవరు చూస్తారు?”

నిజమే. మా ఊర్లో దగ్గు ఎవరికీ వినపడదు. మిషన్ల శబ్దం మాదిరి అది కూడా ఉంటాది, అంతే.

“ఇంత అరిచి కూడా దగ్గలేదంటే మీ ఊర్లో గాలి బాగుపడినట్టే” అనింది అమ్మ. “ఒడియాలు నీవే. బస్సులు వదలనీ, వస్తా.”

“ఏమంటివి?”

“వస్తానంటి. ఎండలు పోకముందే వస్తా.”

“చెల్లెలు వినిందా ఈ మాట?”

“పక్కనే ఉండాది” అనింది అమ్మ. అబ్బ, ఎంత హాయిగా ఉండిందో నాకు! మహా సుఖం.

అమ్మ కోసం నులక మంచం బిగించుకున్నాం. ఒడియాలకని ఉతికిన పంచెలు మడతబెట్టి పెట్టినా. పక్కింటామెకు, ఎదురింటామెకు, పాలు పోసే ఆమెకు, అందరికీ చెప్పినా. పొద్దుగూకితే టీవీ ముందర కూచునేవాళ్లం, ఏవేవి వదుల్తారో చూద్దామని. నేను బస్సులు వదలాలని మొక్కుకుంటి. ఆయన మిషన్లు వదలాలని మొక్కుకునె. పక్కపక్కనే కూచోని ఒకరికొకరు చెప్పుకోకుండా మొక్కుకుంటాంటిమి.

ఆయన దేవుడే గెలిచినాడు. మిషన్లు ముందు వదిలినారు. ఒక పొద్దున యాడో దూరంగా ఒక్క మిషను గర్ర్‌మనింది. ఆయన లేచి చొక్కా వేసుకుంటాంటే ముఖం వెలిగిపోతాంది. “బతికినాం పో” అన్నాడు. బియ్యం డబ్బా అడుగు కనపడతాంటే నేనేమనాల? సద్ది కట్టిచ్చినా. ఆయన పోయినాక మాత్రం ఆ మిషన్ను నా ఇష్టమొచ్చినట్టు తిట్టినా. ఇంకొన్ని దినాలు ఆగుంటే నీ సొమ్మేం పోయేది? మా అమ్మ వచ్చి పోయినాక మోగుంటే కాదా?

ఒక మిషను రెండైంది, రెండు నాలుగైనాయి. లారీలు కదిలినాయి. తట్ట మీద వేలు పెట్టి గీస్తే సన్నగా గీత పడింది. ఇంత కొంచెమే గదా, బాగా ముదిరేలోపల అమ్మ వచ్చేస్తాది అని నాకు నేనే చెప్పుకున్నా. అమ్మతో మాట్లాడాలంటే లోపలి గదిలో కిటికీలు మూసి, తలుపు కింద గుడ్డ పెట్టి, ముందు వేడినీళ్లు తాగి, అప్పుడు ఫోన్ ఎత్తేదాన్ని. మాటలు చిన్నగా, తక్కువగా.

“ఏంటికే అంత నిదానంగా మాట్లాడతావు?” అని అడిగింది ఒకసారి.

“తీరిగ్గా ఉండా మా” అన్నా.

బస్సుల మాట రానే వచ్చింది. చెల్లెలే ఫోన్ చేసింది. “రేపట్నుంచి బస్సులంట అక్కా. అమ్మ అప్పుడే సంచి సర్దుకోనుండాది. వద్దంటే వింటేనా!” దాని గొంతు పుల్లగా ఉండాది. అంత పుల్లటి గొంతు నాకెంత తీయగా ఉండిందో చెప్పలేను. అమ్మకియ్యమన్నా.

“డోన్‌లో బస్సు మారాల గదా, పెద్దల్లున్ని అంతవరకు వచ్చి నిలబడమను” అనింది అమ్మ.

“ఆయనెందుకు, నేనే వస్తా మా. నువ్వు బస్సు దిగగానే...”

అంతే. వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా. ఆపల్నంటే ఇంకా తన్నుకోని వచ్చింది. ఫోన్ దూరంగా పట్టుకోని, గోడకు తల ఆనించి దగ్గినా. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. తుడుచుకోని మళ్లా చెవిన పెట్టుకున్నా.

“మొదలాయనా?” అనింది అమ్మ.

లేదని చెప్పడానికి నోరు తెరిచినా. రాలే. “మొదలాయ మా.”

“ఎప్పట్నుంచి?”

“వారమో ఏమో. కొంచెమే మా. రా మా. ఓ నాలుగు దినాలుండి పో. ఒడియాలు పెడుదువు.”

“నేను వచ్చి ఏం చేయాల్నే? పక్కన కూచోని నువ్వు దగ్గేది వినల్నా?” అమ్మ గొంతు పగిలింది. “నువ్వే రా ఈడికి.”

“నేనొస్తే ఈయనకు సద్ది ఎవరు కట్టాల మా?”

మిషన్ల శబ్దం అమ్మకు కూడా వినపడే ఉంటాది. కాసేపటికి ఫోన్‌లోకి చెల్లెలు వచ్చింది. “అక్కా, అమ్మ సంచిలో చీరలు తీసి మళ్లా పెట్టెలో పెడతాంది. నాతో మాట్లాడడం లేదు” అనింది.

అమ్మ రావాల్సిన బస్సుకు డబ్బా వచ్చింది. అదే స్టీలు డబ్బా. మూత తీస్తే ఒడియాలు లేవు. కరక్కాయలుండాయి, చిన్న గుడ్డలో మిరియాల మూట ఉండాది. చెల్లెలికి ఫోన్ చేసినా.

“ఒడియాలు యాడే?”

“అమ్మ ఈ ఏడు పెట్టలేదక్కా. నీ మిద్దె మీదనే పెడతానని బియ్యం కూడా ఎత్తిపెట్టుకోనుండె.” చెల్లెలే మళ్లా అనింది, “కరక్కాయలు తనే ఏరి పంపింది. ఇన్నేండ్లు నా కాడ ఉంటాది గానీ, చెవి మాత్రం నీ ఫోన్లోనే పెట్టుకోనుంటాది. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకో అంటాది, అంతే. నాకోసం ఒక్కసారన్నా ఇట్ల మూట కట్టిందా?”

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇన్నేండ్లు నేను మోసిన గొంతే అది. “ఉంటా మేయ్” అని పెట్టేసినా.

కరక్కాయ పగలగొట్టి ముక్క బుగ్గన పెట్టుకున్నా. వగరు. మాపటేల మా ఆయన షెడ్డు నుంచి వచ్చి, తలకాయ విదిలించుకోని, కాళ్లు కడుక్కుంటా దగ్గినాడు. “నాకూ ఒక ముక్క ఇయ్యి” అన్నాడు. ఇచ్చినా. మా చెల్లెలు అడిగుంటే మాత్రం ఇచ్చేదాన్ని కాదు.